గుట్ట మీది నాలుగు బ్యాటరీలు

కొత్తగా ఉద్యోగంలో చేరి, మెడలో కార్డు వేసుకుని, ఏ గుట్ట మీదికో అడవిలోకో ఒంటరిగా వెళ్లబోతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. సలహా ఇవ్వడానికి మాత్రం కాదు. నా సలహా విని బాగుపడినవాళ్లను నేనింతవరకు చూడలేదు. ముప్పై నాలుగేళ్లు థర్మల్ ప్లాంటులో మీటర్లు సరిచేసిన మనిషిని. పెద్ద యంత్రాల జోలికి ఎప్పుడూ పోలేదు. వాటి ముఖాన ఉండే సూదులు నిజం చెబుతున్నాయా, అబద్ధం చెబుతున్నాయా అని చూడటమే నా పని. ఆ ముప్పై నాలుగేళ్లలో చేయనంత పెద్ద తప్పు, రిటైరయ్యాక ఒప్పుకున్న ఒక్క ఏడాది కొలువులో చేశాను. ఆ ముచ్చట చెబుతాను.

మాది సిరిసిల్ల. మరమగ్గాల మధ్య పుట్టినవాణ్ని. మా వాడలో కరెంటు పోయిందని కళ్ల కంటే ముందు చెవులకు తెలిసేది. వీధి వీధంతా ఒక్కసారిగా చప్పుడు ఆగిపోయేది. మా నాయిన బయటికొచ్చి అరుగు మీద కూర్చునేవాడు. ఎదురింటాయన వచ్చేవాడు, పక్కింటాయన వచ్చేవాడు, కరెంటు వచ్చేదాకా మాటలే మాటలు. ఇంతా చేసి నేను రిటైరై వచ్చి కూర్చునేసరికి ఆ అరుగుల మీద ఎవరూ లేరు. నా భార్య అంతకు రెండేళ్ల ముందే పోయింది. చుట్టూ మగ్గాలు మోగుతూనే ఉండేవి గానీ నాతో మాట్లాడే మనిషి లేడు. బిడ్డ జగిత్యాలలో టీచరు. దాని బడి, దాని సంసారం దానివి. "తిన్నవా నాయినా?" అని రోజూ ఫోన్ చేసేది. "తిన్న బిడ్డా" అనేవాణ్ని. ఆ పూటకు నా మాటలు అక్కడితో అయిపోయేవి.

అట్లాంటి సమయంలో పాత ప్లాంటులో కలిసి పనిచేసిన ఒకాయన ఫోన్ చేసి, సారంగాపూర్ దాటి అడవి దిక్కున ఒక గుట్ట మీద ఏడాది పాటు గాలీ వానా కొలిచే పని ఉందన్నాడు. ఒక్కణ్నే ఉండాలట. "ఒక్కనివే ఉండగలుగుతవా?" అని అడిగాడు. నాకు నవ్వొచ్చింది. ఎక్కడుంటే మాత్రం ఒక్కణ్ని కాను?

పని సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. చిన్న అణు రియాక్టర్ల గురించి మీరు పేపర్లో చదివే ఉంటారు. పెద్ద ప్లాంటు లాగా ఏళ్ల తరబడి ఒకేచోట కట్టుకుంటూ పోకుండా, భాగాలు భాగాలుగా ఫ్యాక్టరీలో చేసి లారీల మీద తెచ్చి బిగించేవి. లైను చివరన ఉండి, గాలి కొడితే చీకటయ్యే మారుమూల ఊళ్లకు ఇవి పనికొస్తాయా అని ఒక కన్సల్టెన్సీ వాళ్లు తొలి పరిశీలన మొదలుపెట్టారు. అట్లాంటిది పెట్టాలంటే ముందు ఆ చోట గాలి ఎటు వీస్తుంది, ఎంత వాన పడుతుంది, నేలలోంచి సహజంగానే ఎంత రేడియేషన్ వస్తుంది అన్నవి ఏడాది పొడవునా కొలవాలి. అందుకు గుట్ట మీద ఒక ఎత్తైన టవరు నిలబెట్టారు. దాని మొదట్లో రేకుల గది, గది పైన సోలార్ పలకలు, గదిలో నాలుగు పెద్ద బ్యాటరీలు, ఒక ఇన్వర్టరు, నా మంచం, నా స్టవ్వు. చుట్టూ కంచె. కంచెకు "అనుమతి లేనిదే లోపలికి రాకూడదు" అని బోర్డు. రాకూడదనడానికి అక్కడికి వచ్చేవాడెవడు? ఎప్పుడైనా ఒక మేక దారి తప్పి వచ్చేది.

మా ఇంజనీరు నా బిడ్డకంటే చిన్నవాడు. మంచి పిల్లాడే గానీ ఎప్పుడూ రైలందుకోబోతున్నట్టు మాట్లాడేవాడు. మొదటిరోజు జగిత్యాల ఆఫీసులో తలుపు దగ్గరికి వేసి చెప్పాడు.

"అంకుల్, ఇది స్టడీ మాత్రమే. ఇట్లాంటి సైట్లు ఇంకా చూస్తున్నారు. ఒకవేళ మీ గుట్టే ఓకే అయినా పని పూర్తయ్యేసరికి పదేళ్లకు తక్కువ కాదు. అసలు ఏదీ ఓకే కాకపోవచ్చు. ఊరోళ్లు అడిగితే స్టడీ అని చెప్పండి, అంతే. ఇంకోటి, డేటా ఒక్క గంట తెగినా మొత్తం ఏడాది మళ్లీ మొదటి నుంచి. బ్యాటరీల జోలికి ఎవ్వరినీ రానీయొద్దు. మీరు కూడా ముట్టుకోవద్దు."

"సరే సార్" అన్నాను. ముప్పై నాలుగేళ్లుగా అలవాటైన మాట.

జూన్‌లో గుట్టెక్కాను. రోజూ ఆరింటికి లేవడం, గాలి వేగం, దిక్కు, వాన, వేడి, చివరి గడిలో బ్యాటరీల వోల్టేజి రిజిస్టరులో రాయడం. మధ్యాహ్నం మళ్లీ, సాయంత్రం మళ్లీ. కంప్యూటరు తన లెక్క తాను రాసుకుంటూనే ఉంటుంది, అయినా చేత్తో కూడా రాయాలన్నారు. రాసేవాణ్ని. మిగతా పొద్దంతా గాలి. పగలంతా ఆ టవరు తీగలు ఒకటే రాగం తీసేవి. మొదటి నెల రేడియోతో మాట్లాడాను. రెండో నెల టవరుతో మాట్లాడటం మొదలుపెట్టాను. "ఇయాల బాగనే ఊగుతున్నవ్‌లే" అని దాన్ని పలకరిస్తుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అప్పుడు భయం వేసింది. ఇట్లా అయితే పిచ్చోణ్నవుతాను, ఎవరైనా మనిషితో మాట్లాడాలి అనుకుని గుట్ట దిగాను.

గుట్ట కింద ముప్పై నలభై ఇళ్ల పల్లె. మొదటి ఇంటి ముందు పశువుల కొట్టంలో ఒకామె చాటలో ఆకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఇంట్లో మంచం మీద ఆమె భర్త కూర్చుని ఉన్నాడు. యాభై కూడా ఉండవేమో, చూడటానికి నాకంటే పెద్దవాడిలా ఉన్నాడు. ముక్కుకు సన్నని ప్లాస్టిక్ గొట్టం, మంచం పక్కన గుర్రుగుర్రుమనే మిషిని. గ్రానైటు క్వారీలో ఇరవై ఏళ్లు డ్రిల్లు పట్టిన మనిషి. రాయిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే ఆ మిషిని ఎవరో దాతలు ఇప్పించారట. కరెంటు ఉన్నంతసేపే అది నడుస్తుంది. కరెంటు పోతే ఒక చిన్న సిలిండరు. సిలిండరు అయిపోతే కోరుట్లకు పోయి నింపించుకు రావాలి. తంబాకు వాసన పడితే ఆయనకు దగ్గు ఆగదని ఆమె ఇల్లు వదిలి కొట్టంలో కూర్చుని బీడీలు చేసేది.

"మీదేవూరు సారు?" అంది.

"సిరిసిల్ల."

"మా అమ్మ పుట్టింది గూడ సిరిసిల్లనే. అయితె అన్నవైతవ్. కూసో అన్నా, చాయ పెడ్త."

ఎంత తేలిగ్గా అయిపోయిందో చూడండి. రెండు నెలలుగా మనిషి మాటకు మొహం వాచి ఉన్నవాణ్ని, ఆ 'అన్నా' అన్న పిలుపుకు నా కళ్లు చెమర్చాయి. సిగ్గేసి చాయ ఊదుకుంటూ తల వంచుకున్నాను. ఆ రోజు నుంచి వారానికి మూడుసార్లు, తర్వాత తర్వాత రోజూ ఆ ఇంటికి వెళ్లేవాణ్ని. ఆయన్ని తమ్మీ అనేవాణ్ని, ఆమెను చెల్లె అనేవాణ్ని.

టవరు ఎందుకని ఊళ్లో అందరూ అడిగేవారు. ఒకరు భూమి పోతుందా అనేవారు, ఒకరు నౌకరి ఇస్తారా అనేవారు, ఒకరు బాంబు పేలినట్టు పేలుతుందా అనేవారు. అందరికీ స్టడీ అనే చెప్పాను. ఆయన మాత్రం అడిగిన తీరే వేరు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ అడిగాడు.

"సారు, గా అణు మిషిని... గింతంతనే ఉంటదా?"

"ఎక్కువల ఎక్కువ మా సిరిసిల్లల మగ్గాల షెడ్లు నాలుగు కలిపినంత ఉంటదేమో. లోపల అణువులు పగిలి వేడి పుడ్తది. ఆ వేడికి నీళ్లు ఆవిరైతయ్. ఆవిరితోని చక్రం తిరుగుతది, కరెంటు వస్తది."

"అంటె... పెద్ద పొయ్యి."

"పొయ్యే అనుకో."

"పొగ వస్తదా?"

"రాదు."

"దుమ్ము?"

"దుమ్ము గూడ లేదు. కాకపోతె లోపల కాలిన సరుకు శానా ప్రమాదం. దాన్ని శానా ఏండ్లు బందోబస్తుగ దాసిపెట్టాలె."

"దాసిపెట్టనీ. గాలిల కలువది గదా. కరెంటు పోదు గదా?"

"పోదు."

"అయితె నాకు గదే గావాలె" అని నవ్వి దగ్గాడు. ఆమె కొట్టంలోంచి లేచి తొంగిచూసింది. "ఎప్పుడస్తదన్నా గా మిషిని?"

ఇక్కడే నేను స్టడీ అనాల్సింది. పదేళ్లు అనాల్సింది. రాకపోవచ్చు అనాల్సింది. ఆమె మొహం చూసి, "అయితది తియ్యి చెల్లె" అన్నాను.

మా దిక్కు ఈ మాట సంగతి తెలియనివాళ్లకు చెబుతాను. ఆఫీసులో గుమాస్తా అయితది అంటాడు, సంబంధం కుదిర్చే పెద్దమనిషి అయితది అంటాడు, దవాఖానలో కాంపౌండరు కూడా అయితది అంటాడు. ఎప్పుడవుతుంది, ఎవరు చేస్తారు అన్నవేవీ చెప్పకుండానే మాట పూర్తయిపోతుంది. అన్నవాడి మీద భారం లేదు, విన్నవాడికి ధైర్యం. నిజం చెప్పొద్దూ, ఆ ధైర్యం వాళ్ల కోసం ఇచ్చింది కూడా కాదు. మంచి కబురు తెచ్చేవాణ్ని ఎవరైనా లోపలికి రమ్మంటారు, కూర్చోమంటారు. ఇంకో పదేళ్లు అన్నవాడికి రేపు చాయ ఇస్తారో లేదో అని నాకు లోలోపల బెంగ. అరవై దాటిన మనిషిని, ఒక కప్పు చాయ కోసం, ఒక పిలుపు కోసం నోటికొచ్చింది అన్నాను. పోనీ ఒక్కసారితో ఆగానా? అడిగినప్పుడల్లా అదే మాట.

మార్చిలో ఆమె తమ్ముడు కోరుట్ల నుంచి వచ్చాడు. తన ఇంటి పక్కన ఒక అర్ర, చిన్న గదే, ఖాళీ అవుతోందని, అక్కడ కరెంటు పోయినా గంటలో వస్తుందని, పెద్ద దవాఖాన నడిచే దూరమని, బావను తీసుకుని వచ్చేయమని అన్నాడు. ఉగాది దాకా ఆగుతానన్నాడు. ఆమెకు ఇక్కడ రెండెకరాల పసుపు, రెండు బర్రెలు. ఆయనకు ఆ మంచం మీద నుంచి కనిపించే పసుపు మడి. కోరుట్లలో ఒక అర్రలో గోడలు చూస్తూ చావలేనని ఆయన. తమ్ముడు పోయిన మర్నాడు నేను వెళ్లేసరికి ఆమె బీడీలు చుట్టడం ఆపి కూర్చుంది.

"ఏం జెయ్యమంటవన్నా? నువ్వు సదువుకున్నోనివి. గా మిషిని వచ్చేదుంటె పోవుడెందుకు? రానట్టయితె ఇప్పుడే పోత. నిజం జెప్పు."

నిజం చెప్పమనే అడిగింది. అంతకంటే సూటిగా ఎవరూ అడగరు. మంచం మీద నుంచి ఆయన నా వంకే చూస్తున్నాడు, ఆగమని చెప్పు అన్నట్టు. వాళ్లు పోతే ఆ ఇల్లు మూత పడుతుంది. నేను మళ్లీ టవరుతో మాట్లాడుకోవాలి. ఇదంతా నా బుర్రలో ఎంతసేపు తిరిగిందో తెలియదు. "అయితది తియ్యి చెల్లె, జర ఓపిక వట్టు" అని నా నోరే అంది.

ఉగాది వెళ్లిన వారానికే ఆమె తమ్ముడు ఆ అర్రను వేరేవాళ్లకు ఇచ్చేశాడు.

మేలో ఆ రోజు మధ్యాహ్నం నాలుగైంది. పడమర నల్లగా ముసురుకొచ్చింది. నేను గదిలోకి దూరి తలుపు వేసుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాను. గాలి వేగం పెరుగుతోంది. ఏడాదంతా చూడని అంకె వచ్చింది, దాన్ని దాటి ఇంకో అంకె. నాకు ఒకటే సంబరం. ఇంత మంచి రికార్డు ఇంకే సైటులోనూ వచ్చి ఉండదు, మా ఇంజనీరు ఎగిరి గంతేస్తాడు అనుకుని ప్రతి అంకె రెండుసార్లు రాశాను. కింద ఏం విరుగుతోందో, ఏం కూలుతోందో ఒక్కసారి కూడా తోచలేదు. వాన వెలిసి బయటికొచ్చి చూస్తే లైను స్తంభాలు మూడు నేల మీద పడుకుని ఉన్నాయి. రోడ్డుకు అడ్డంగా చెట్లు. నా గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంది.

పొద్దు గూకే వేళకు ఆమె వచ్చింది. మొదటిసారి ఆ కంచె దాకా రావడం. చీర తడిసి కాళ్లకు చుట్టుకుంటోంది. బోర్డు దగ్గరే నిలబడిపోయింది. లోపలికి రమ్మని నేనూ అనలేదు.

"సిలిండరు మొన్ననే అయిపోయిందన్నా. నింపియ్యనీకి రేపు పోదమనుకున్న. కరెంటు లేదు, తొవ్వ లేదు. ఆయనకు ఊపిరాడ్తలేదు." తల పైకెత్తి టవరు కొసన వెలుగుతున్న ఎర్ర లైటు చూసింది. "ఊరంత చీకటైనా గా ఎర్రబుగ్గ ఎన్నడు ఆరది. దానికి కరెంటు ఏడికెళ్లి వస్తదన్నా?"

"బ్యాటరీలు" అన్నాను.

"గవి మా మిషినికి పెట్టరాదా?"

"పెట్టుడంటె... గవి నేను ముట్టరాదు చెల్లె. పైనోళ్ల పర్మిషన్ గావాలె. ఇప్పుడే ఫోన్ జేస్త. నువ్వు పో, ఆయన కాడ ఉండు. లైను గూడ వస్తది. అయితది తియ్యి."

ఆమె సరే అన్నట్టు తలూపి దిగిపోయింది. జారుతున్న రాళ్ల మీద జాగ్రత్తగా దిగుతుంటే చూస్తూ నిలబడ్డాను. ఫోనుకు సిగ్నల్ లేదు. ఆ గాలికి సెల్ టవరూ పడిపోయినట్టుంది. అయినా పది నిమిషాలకోసారి నొక్కుతూనే ఉన్నాను. పర్మిషన్ అడుగుతున్నాను కదా, నా వంతు నేను చేస్తున్నాను కదా అని మనసుకు చెప్పుకున్నాను. నొక్కడానికి ఫోన్ ఉంటే మనిషికి ఎంత నెమ్మదో! ఆ రాత్రి గురించి ఇంకేమీ రాయను. నిద్రపోయానని మాత్రం రాయాలి. ఫ్యాను కింద నిద్రపోయాను.

పొద్దున ఆరింటికి అలవాటు ప్రకారం లేచి రిజిస్టరు తెరిచాను. గాలి, దిక్కు, వాన, వేడి. చివరి గడి దగ్గర మీటరు చూసి బ్యాటరీల వోల్టేజి రాశాను. రాసి, ఎందుకో పై గడి చూశాను. నిన్నటి సాయంత్రానికీ ఇప్పటికీ తేడా దాదాపు లేదు. మొన్నటిది చూశాను. పేజీ తిప్పాను. ఇంకో పేజీ. వానాకాలం, సూర్యుడు మూడు రోజులు కనిపించని రోజుల పేజీ. అప్పుడూ తగ్గింది అంతంత మాత్రమే. నా పరికరాలు తాగే కరెంటు ఎంతని? చీమ తాగే నీళ్లంత. వాటికి రెండు బ్యాటరీలు కూడా ఎక్కువే. మిగతా రెండూ మొదటి రోజు నుంచి నా ఫ్యానుకూ, నా లైటుకూ, నా రేడియోకూ పనిచేస్తున్నాయి.

అర్థమైందా పిల్లలూ? నేనేమీ అకౌంటెంటును కాదు, పరికరాల మనిషిని. అగ్గిపెట్టె వెనకాల వేసి చూసుకోగల లెక్క. ఆ లెక్కకు కావాల్సిన అంకె రోజుకు మూడుసార్లు నా చేత్తోనే రాశాను. రాశాను గానీ ఒక్క రోజూ చదవలేదు. ముట్టుకోవద్దన్నారు కాబట్టి ఆలోచించడం కూడా ముట్టుకోవడమే అనుకున్నాను కాబోలు. నా మీద నాకే ఒళ్లు మండిపోయింది. రెండు బ్యాటరీల వైర్లు విప్పాను. నా ఫ్యానుకూ లైటుకూ పెట్టిన ఇన్వర్టరు కూడా విప్పాను, కంప్యూటరూ పరికరాలూ నేరుగా బ్యాటరీల మీదే నడుస్తాయి. టవరు మీద గాలి వేగం కొలిచే గిన్నెలు తిరుగుతూనే ఉన్నాయి, కంప్యూటరు రాసుకుంటూనే ఉంది, ఒక్క అంకె తెగలేదు. గుట్ట అంచుకొచ్చి కిందికి కేకేశాను. నలుగురు మనుషులు నులకమంచం పట్టుకొచ్చారు. దాని మీద బ్యాటరీలు పెట్టి దించాం.

ఆయన మంచం మీద దిండును రొమ్ముకు హత్తుకుని ముందుకు వంగి కూర్చుని ఉన్నాడు. పెదవులు నీలంగా మారాయి. ఆమె వెనక నిలబడి వీపు రాస్తోంది. తెల్లవార్లూ రాస్తూనే ఉందట. వైరు రెండుసార్లు జారింది. మూడోసారి బిగించాను. మిషిని ఒక్క కూత పెట్టి గుర్రుమంది. ఆమె గొట్టం తీసి ఆయన ముక్కుకు పెట్టింది. అరగంటకు పెదవుల రంగు తిరిగింది. ముప్పావు గంటకు వెనక్కి గోడకు ఒరిగాడు. ఆమె అప్పుడు కింద కూలబడింది. నేను బ్యాటరీల పక్కన కూర్చున్నాను. చుట్టూ చేరినవాళ్లు నాకు దండాలు పెట్టడం మొదలుపెట్టారు. "దేవునోలె అచ్చినవ్ సారు" అన్నాడొకడు. నేను తలెత్తలేదు.

తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను, అవి నాలుగు ముక్కలే. ఆ సాయంత్రం చెట్లు కొట్టి తొవ్వ చేశాక, ట్రాక్టరు ట్రాలీలో మంచం వేసి, బ్యాటరీలూ మిషినీ పక్కన పెట్టి ఆయన్ని కోరుట్ల దవాఖానకు తీసుకుపోయారు. వాళ్లు మళ్లీ ఆ పల్లెకు రాలేదు. పసుపు మడి వేరేవాళ్లకు ఇచ్చి కోరుట్లలోనే ఎక్కడో ఒక అర్ర చూసుకున్నారు. మూడోరోజు సిగ్నల్ వచ్చాక మా ఇంజనీరుకు ఫోన్ చేసి, చేసిన తప్పు ఒప్పుకుంటున్నట్టు చెప్పాను. "రెండు తీసినా ఏం కాదంకుల్, స్పేర్ ఉంటుందనే నాలుగు ఇచ్చాం" అని నవ్వాడు. "డేటా తెగలేదు కదా? గుడ్." జూన్‌లో నా ఏడాది పూర్తయింది. రిపోర్టు పోయింది. ఆ గుట్ట ఓకే అయిందా లేదా అని ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. ఆ రియాక్టరు రావచ్చు కూడా. వస్తే మంచిదే అనుకుంటాను, ఆ మిషిని మీద నాకు ఏ కోపమూ లేదు. అది ఫలానా రోజుకు వస్తానని ఎవరికీ చెప్పలేదు. చెప్పింది నేను. ఆ శీతాకాలంలో ఒకసారి కోరుట్ల వెళ్లి, బస్టాండులో దిగి, వాళ్లుండే వాడ అడిగి తెలుసుకున్నాను. వీధి మొదటిదాకా నడిచి, అక్కడ కొంతసేపు నిలబడి, వచ్చిన దారినే తిరిగి బస్సెక్కాను. ఇప్పుడు సిరిసిల్లలో ఉంటున్నాను. బిడ్డ ఫోన్ చేస్తుంది. తిన్నానని చెబుతాను.

అసలు చెప్పాల్సింది ట్రాక్టరు రాకముందు, ఆ మధ్యాహ్నం జరిగింది. జనం ఎవరిళ్లకు వాళ్లు పోయారు. ఇంట్లో మేం ముగ్గురమే మిగిలాం. మిషిని నడుస్తోంది. ఆయన గోడకు ఒరిగి చాలాసేపు ఆ బ్యాటరీలనే చూశాడు.

"గింత పెద్దయా సారు?" అన్నాడు. గొంతు సన్నగా వచ్చింది. "ఎర్రబుగ్గకంటె ఏదో చిన్న సెల్లు ఉంటదనుకున్న."

నేను ఊ అన్నాను.

"కొత్తగ తెచ్చిన్రా? గీ గాలివానకని?"

నాకు దారి ఆయనే చూపించాడు. అవునంటే అయిపోయేది. ఆయన నమ్మేవాడు, ఆమె నమ్మేది, ఊరు దండం పెట్టేది. ఇన్ని నెలలుగా ఆ ఇంట్లో అబద్ధం ఆడటం నాకు ఎంత సులువుగా అలవాటైందో ఆ క్షణంలో తెలిసింది. అవును అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"లేదు తమ్మీ" అన్నాను. "మొదటిసంది ఉన్నయ్. నేనచ్చిన నాటిసంది."

ఆమె గిన్నె కడుగుతున్నదల్లా ఆగింది. ఆయన కోప్పడలేదు. తిట్టి ఉంటే బాగుండేది. దుప్పటి కిందినుంచి కుడిచెయ్యి బయటికి తీసి, వేలొకటి మడిచాడు.

"బతుకమ్మ నాడు... కరెంటు రెండు దినాలు పోయింది."

ఆ రెండు రోజులూ నేను గుట్ట మీద ఫ్యాను కింద రేడియో విన్నాను. ఆయన ఇంకో వేలు మడిచాడు.

"పసుపు ఉడకవెట్టెటప్పుడు... ఒక రాత్రి. నువ్వు పొద్దుగాల అచ్చి చాయ తాగినవ్."

వచ్చాను. రాత్రి శానా తక్లీఫ్ అయిందన్నా అని ఆమె చెబితే, అయితది తియ్యి అని వచ్చాను.

"మొన్న హోలికి..." అని మూడో వేలు మడిచి, ఊపిరి అందక ఆగాడు. మళ్లీ మొదలుపెట్టబోయాడు. ఎవరి మీదో నేరం మోపుతున్నట్టు లేదు ఆ మొహం. తనకు ఏమేం జరిగిందో తను తెలుసుకోవాలన్నట్టు, ఒకటి మరిచిపోతే తప్పవుతుందన్నట్టు గుర్తు చేసుకుంటున్నాడు.

ఆమె గిన్నె కింద పెట్టి వచ్చి, ఆయన మడిచిన వేళ్లను తన చేతిలోకి తీసుకుంది. నా వైపు చూడలేదు.

"ఇగ సాలు" అంది ఆయనతో. "లెక్కవెట్టుకుంట ఉన్న ఊపిరంత వోగొట్టుకుంటవా?"

ఆయన ఆపాడు. నాకు ఎక్కడ చూడాలో తెలియక, లేచి బ్యాటరీల దగ్గరికి వెళ్లి వైర్లు గట్టిగా ఉన్నాయో లేదో చూశాను. గట్టిగానే ఉన్నాయి.